లడ్లో ఫెదర్స్ సత్రం: 1619 నుంచా, 1670 నుంచా?

ప్రశ్న:
మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. నాన్న చరిత్ర మాస్టారుగా రిటైరయ్యారు, అందుకే వేల్స్ సరిహద్దు దగ్గరి లడ్లో ఊరికి తీసుకెళ్దామనుకుంటున్నాం. అక్కడి ఫెదర్స్ హోటల్ 1619 నాటి సత్రమని ఒకచోట, 1670 నాటిదని ఇంకోచోట చదివాను. ఏది కరెక్ట్? నాన్నకి తప్పు చెప్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
రెండూ కరెక్టేనండీ, కానీ రెండూ ఒకే దానికి చెందిన తేదీలు కావు. 1619 ఇల్లు కట్టిన ఏడు, కట్టించింది రీస్ జోన్స్ అనే వకీలు. 1670 ప్రాంతంలో ఆ ఇల్లు సత్రమైంది. ఈయనది వేల్స్‌లో పడమటి కొసన ఉన్న పెంబ్రోక్‌షైర్. అంతదూరం నుంచి లడ్లోకి ఎందుకొచ్చాడంటే, వేల్స్‌కీ సరిహద్దు జిల్లాలకీ కలిపి పాలన, న్యాయం చూసే కౌన్సిల్ ఈ ఊరి కోటలోనే కూర్చునేది, వ్యాజ్యాలున్న వాళ్లంతా ఇక్కడికే రావాలి, వకీళ్లకి చేతినిండా పని. 1689లో ఆ కౌన్సిల్ రద్దయింది, సత్రం మాత్రం నిలిచింది.

తలుపు దగ్గర కాసేపు ఆగండి. ఇనప మేకులు వందల్లో దిగగొట్టి ఉంటాయి, తాళం పలక మీద ఆర్, ఐ అని రెండక్షరాలుంటాయి. ఆ ఐ జోన్స్‌లోని జే అన్నమాట, అప్పట్లో రెంటికీ ఒకటే అక్షరం రాసేవాళ్లు. ఇది మాస్టారికి తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న:
చాలా థాంక్సండీ. మరి ఈకల పేరెందుకొచ్చింది?

జవాబు:
ముందు గోడ కర్రల మీద చెక్కిన నిప్పుకోడి ఈకల వల్ల. అవి వేల్స్ యువరాజు చిహ్నం. 1616లోనే చార్లెస్‌కి ఆ బిరుదిచ్చారు, ఆయనే తర్వాత మొదటి చార్లెస్ రాజయ్యాడు. వీధివైపు బాల్కనీ మాత్రం 19వ శతాబ్దంలో పెట్టింది, దాన్ని కూడా 1619 లెక్కలో వేయకండి.

ఇంకొకరు:
మా ఊళ్లో ప్రతి పబ్బూ తనదే పాతదంటుంది. నిజమేంటో ఎలా తెలుస్తుంది?

జవాబు:
ముందు హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ల రక్షిత కట్టడాల జాబితాలో పేరు వెతకండి, ఆన్‌లైన్‌లో ఉచితమే, భవనం ఏ కాలానిదో ఉంటుంది. అది గోడల వయసు మాత్రమే, పూటకూళ్ల ఇల్లుగా ఎప్పుడు మారిందో చెప్పదు. దానికి జిల్లా ఆర్కైవ్స్‌కి వెళ్లి లైసెన్సు రిజిస్టర్లు అడగాలి. 1753 చట్టంతో వాటిని భద్రపరచడం తప్పనిసరైంది, అందుకే ఆ తర్వాతి కాలానికి దొరికే అవకాశం ఎక్కువ, అంతకు ముందైతే వీలునామాలూ దస్తావేజులూ తిరగేయాల్సిందే.

లడ్లో వెళ్లేవారికి ఒక్క మాట. హోటల్ తెరిచి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మూసి ఉన్నా ముందు గోడా తలుపూ వీధిలోంచే చూడొచ్చు. కోట మాత్రం ముందు చూడండి, అందులో 1581లో జడ్జీల బస కోసం కట్టిన భాగం ఉంది. అది చూసొచ్చి ఈ తలుపు ముందు నిలబడితే, ఒక వకీలు ఇక్కడ ఇంత ఇల్లు ఎందుకు కట్టాడో నాన్నగారికి మీరు చెప్పాల్సిన పనే ఉండదు.