మడమ లేపితే తప్పేమిటి?

నడుములావు:
నాకు 52 ఏళ్లు. పొట్ట ఉంది, తుంటి కీళ్లు బిగుసుకుపోయాయి. గోల్ఫ్ బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను (కర్రను) వెనక్కి ఎత్తేటప్పుడు, ఎడమ మడమ నేల విడవకూడదని కోచ్ రెండేళ్లు పట్టుబట్టారు. మిగిలింది నడుము నొప్పి. ఇప్పుడు మడమను లేవనిస్తున్నాను. తుంటి తిరుగుతోంది, బంతి నేరుగా పోతోంది. ఒళ్లు చూడకుండా అందరికీ ఒకే స్వింగ్ నేర్పడం ఏం న్యాయం?

పాత ఐరన్:
లేపిన మడమను మళ్లీ అదే చోట దించాలి. వారానికోసారి ఆడేవారికి అది కుదరదు. ఒకసారి బంతి వెనక నేల తవ్వుతారు, మరోసారి బంతి నెత్తిన కొడతారు. ఐరన్‌తో, అంటే ఇనుప తల క్లబ్‌తో, కొడితే ముందు బంతి తగలాలి, తర్వాత నేల. పొట్టను బట్టి ఇది మారదు.

నడుములావు:
మార్చమన్నదెవరు? గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ మడమ లేపే 18 మేజర్లు (అతి పెద్ద టోర్నీలు) గెలిచారు.

పాత ఐరన్:
మీరు నిక్లాస్ కారు.

పొట్టిచెయ్యి:
పొడగరుల స్వింగ్ నిలువుగా, పొట్టివాళ్లది చదునుగా ఉండటం మామూలే. ముందు క్లబ్ లై కోణం (కర్ర నేలతో చేసే కోణం) చూపించుకోండి. అది కుదరకపోతే క్లబ్ తల మొనో, మడమో (కర్ర వైపు కొస) ముందు నేలకు తగిలి బంతి పక్కకు పోతుంది.

నాలుగో గుంత:
అయ్యా, ఇంకో మడమ తేకండి.

నడుములావు:
గోల్ఫర్ జాన్ రామ్ కుడి పాదం వంకరతో పుట్టారు. ఆ చీలమండ సరిగా కదలదు కాబట్టి బ్యాక్‌స్వింగ్ కురచ. 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ గెలిచారు. ఆయన్నీ పూర్తిగా తిరగమంటారా?

పాత ఐరన్:
ఆయన ఆ కురచ స్వింగ్‌నే ఏళ్ల తరబడి సాధన చేశారు. మనవాళ్లకు ఒళ్లు ఒక సాకు. నాతో ఆడే ఒకాయన ప్రతి చెడ్డ షాటుకూ మోకాలిని తిడతారు. నాకూ భుజం పూర్తిగా లేవదు. పదకొండేళ్లు రోజూ కొట్టి దారికి తెచ్చుకున్నాను. నాకెవరూ సులువు దారి చూపలేదు.

నడుములావు:
అదీ సంగతి! మీరు పడ్డారు కాబట్టి నేనూ పడాలి. నొప్పి అంటే మా కోచ్ కూడా ‘సాధన చాలడం లేదు’ అన్నారు. ఆరు వారాలు వంగి బూటు లేసు కట్టుకోలేకపోయాను. మడమ కాదండీ, నా మాట నమ్మకపోవడమే నా బాధ.

నాలుగో గుంత:
గాలిలో సున్నా చుట్టినట్టు స్వింగ్ చేసే గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ 2016లో 18 గుంతల రౌండ్‌ను 58 దెబ్బల్లోనే ముగించారు. నేను వెళ్తున్నాను.

పాత ఐరన్:
నొప్పిని నమ్మకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. మడమ మీద మాత్రం నా మాట నాదే. వీడియో పెట్టండి, అదే చోట దిగుతోందో లేదో చూస్తాను.

నడుములావు:
పెడతాను. ముందు నుంచా, వెనక నుంచా?

పాత ఐరన్:
ముందు నుంచి. మడమ దగ్గర నేల మీద టేపు అంటించండి. తర్వాత సాకులు వద్దు.