చేతికాగితం మీద సిరా పాకుతోంది, అట్ట వంగింది: విప్పి మళ్లీ చేయాలా?

ప్రశ్న:
మా అమ్మ పాడే మంగళహారతులు, లాలిపాటలు చేత్తో రాసి, చేత్తో కుట్టిన పుస్తకంగా ఆమెకు ఇద్దామని మొదలుపెట్టాను. చేతికాగితాలు నాలుగేసి కలిపి మడిచి, 16 పేజీల ఫారాలుగా కుట్టాను. కుట్టు బిగువుగానే వచ్చింది. కానీ వెదురు కలంతో రాస్తుంటే సిరా పీచుల వెంట పాకి సున్నలు పూడిపోతున్నాయి. పెడన కలంకారీ గుడ్డ అంటించిన అట్ట ఎండాక గుడ్డవైపు వంగిపోయింది.

జవాబు:
విప్పకండి. కుట్టు నిలిచిందంటే కష్టమైన పని అయిపోయినట్టే.

జిగురుతో తడిసిన గుడ్డ ఎండుతూ అట్టను తనవైపు లాగింది. లోపలివైపు దాన్ని ఎదురు లాగేది ఇంకా ఏదీ లేదు. అక్కడ మైదా జిగురుతో ఒక కాగితం అంటించండి. పేజీలకు తడి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి. చాలావరకు సర్దుకుంటుంది. ఇంకోసారి అట్ట కోసేముందు రెండు చేతులతో మెల్లగా వంచి చూడండి, ఒకవైపు సులువుగా వంగుతుంది. ఆ వంపు గీత పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండేలా కోయాలి.

ఇక సిరా. మీ కాగితానికి గంజి పట్టించి ఉండరు, అందుకే పీలుస్తోంది. పూర్వం గంజి పట్టించి, ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. కుట్టని కాగితాలుంటే పలుచటి గంజి మెత్తటి కుంచెతో పూసి, ఆరాక గవ్వ వీపుతో రుద్దండి. కుట్టేసిన పేజీలను మాత్రం తడపకండి, ముడతలు పడతాయి. వాటికి సిరానే చిక్కబరచాలి: నీళ్లలో నానబెట్టిన తుమ్మబంక కొన్ని చుక్కలు కలిపి, విడి ముక్క మీద రాసి చూసుకోండి.

ఇంకొక మాట. సున్నను ఒకే చుట్టులో తిప్పకండి. వెడల్పు మొన ఉన్న కలాన్ని పైకి తోస్తే పీచులో తగులుకుని అక్కడే సిరా కక్కుతుంది. పైనుంచి ఎడమ సగం కిందికి లాగండి, కలం ఎత్తి మళ్లీ పైనుంచి కుడి సగం లాగండి. మన లిపిలో గుండ్రం లేని అక్షరం అరుదు కాబట్టి ఈ అలవాటు ప్రతి పంక్తిలోనూ అక్కరకొస్తుంది.

ప్రశ్న:
గంజికి పురుగు పట్టదా? జిగురులో మైలుతుత్తం కలపమన్నారు ఒకరు.

జవాబు:
బైండర్లకు అలవాటే, కానీ నేను వద్దంటాను. అది విషం, పైగా అందులోని రాగి కాలక్రమంలో కాగితాన్ని పెళుసుబారుస్తుంది. జిగురు ఏపూటకాపూట కాచుకోండి, పలుచగా పూయండి, పుస్తకాన్ని తేమ లేనిచోట ఉంచండి. అన్నిటికంటే, అమ్మగారు రోజూ తెరిచి పాడుకునేలా చూడండి. చేతిలో తిరిగే పుస్తకంలో పురుగు చేరినా త్వరగా కంటపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
లోపలి కాగితం అంటించాను, పొద్దున తీస్తే అట్ట బల్ల మీద చదునుగా కూర్చుంది. తుమ్మబంక మూడు చుక్కలు సరిపోయాయి. సున్న మధ్యలో తెలుపు కనబడుతోందండీ. ఈ రాత్రి మొదటి హారతి రాస్తాను.