ఊపిరిని బట్టి క్షయను పసిగట్టే సెన్సర్: ఏ పదార్థాన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న (రసాయనశాస్త్ర విద్యార్థి):
ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా, క్షయ రోగి ఊపిరిలోని ఆవిరి పదార్థాలను గుర్తించే సెన్సర్‌ను తయారుచేయాలనుకుంటున్నాను. తెమడను మైక్రోస్కోపులో చూసి రోగాన్ని పట్టుకోవాలంటే మిల్లీలీటరుకు కనీసం 5,000 నుంచి 10,000 వరకు క్షయ క్రిములు ఉండాలని, క్రిములను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష ఫలితానికి వారాలు పడుతుందని చదివాను. ఈ లోటును సెన్సర్ తీర్చగలదా? ఏ పదార్థంతో మొదలుపెట్టాలి?

జవాబు (మైక్రోబయాలజీ అధ్యాపకురాలు):
మిథైల్ నికోటినేట్‌తో మొదలుపెట్టండి. క్షయ క్రిమి తాను తయారుచేసుకున్న నియాసిన్‌ను (విటమిన్ బి3) తిరిగి వాడుకోలేక బయటికి వదిలేస్తుంది. కల్చర్‌లో పెరిగింది ఆ క్రిమేనా, దాని జాతిలోని మరొకటా అని తేల్చడానికి ల్యాబుల్లో దశాబ్దాల పాటు చేసిన నియాసిన్ పరీక్షకు ఆధారం ఈ గుణమే. ఆ నియాసిన్‌కు ఎస్టరే (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే పదార్థం) మిథైల్ నికోటినేట్. క్షయ కల్చర్లు వెలువరించే ఆవిరిలో అది ఉందని న్యూజిలాండ్ పరిశోధకులు 2008లో చూపారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో టైటానియం డయాక్సైడ్ అనే మెటల్ ఆక్సైడ్‌తో చేసిన నానోట్యూబులకు (అతి సన్నని గొట్టాలకు) కోబాల్ట్‌ను జతచేసి, ఇలాంటి పదార్థాలు కోబాల్ట్‌తో బంధం ఏర్పరచుకున్నప్పుడు విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును కొలిచారు.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్):
మేడమ్ గారు చెప్పింది నిజమే కానీ, కల్చర్ సీసాలో దొరికినంత తేలికగా మనిషి ఊపిరిలో దొరకదు. ఊపిరి నిండా తేమ ఉంటుంది, మెటల్ ఆక్సైడ్ సెన్సర్లు తేమకు కూడా స్పందిస్తాయి. పొగాకు అలవాటు, తిన్న ఆహారం, ఒంటికి రాసుకున్న నొప్పి మందు కూడా అడ్డు వస్తాయి. కొన్ని నొప్పి మందుల్లో మిథైల్ నికోటినేటే ఉంటుంది! అందువల్ల ఆరోగ్యంగా ఉన్న తోటి విద్యార్థులతో కాకుండా, న్యుమోనియా, ఆస్తమా వంటి ఇతర కారణాలతో దగ్గుతున్నవారితో పోల్చి చూడాలి. పైగా క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఊపిరి సెన్సర్ ఆ మాట చెప్పలేదు.

జవాబు (ప్రజారోగ్య వైద్యుడు):
సెన్సర్ రోగనిర్ధారణ చేయనక్కరలేదు, ఎవరిని నిర్ధారణ పరీక్షకు పంపాలో చెబితే చాలు. అటువంటి తొలి వడపోత పరీక్ష రోగుల్లో కనీసం 90 శాతం మందిని పట్టుకోవాలని, రోగం లేనివారిలో కనీసం 70 శాతం మందిని సరిగ్గా వదిలేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సూచించింది. దగ్గుతో వచ్చిన 1,000 మందిలో 50 మందికి క్షయ ఉందనుకుంటే, ఆ లెక్కన 45 మంది రోగులు, రోగం లేని 285 మంది ట్రూనాట్‌కు వెళతారు. మిగిలిన 670 మందికి ఆ ఖర్చు తప్పుతుంది, అయితే వారిలో ఐదుగురు రోగులు ఉంటారు కనుక దగ్గు తగ్గకపోతే మళ్లీ రమ్మని అందరికీ చెప్పి పంపాలి. తెమడ తీయలేని చిన్నపిల్లల విషయంలోనే ఇది ఎక్కువగా అక్కరకు వస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ ధన్యవాదాలు. రోగుల జోలికి వెళ్లకుండా, తేమగాలిలో మిథైల్ నికోటినేట్‌ను ఎంత తక్కువ మోతాదు వరకు గుర్తించగలమో, పొగాకు పొగ కలిసినప్పుడు ఆ సంకేతం ఎంత చెడుతుందో కొలవడానికే ప్రాజెక్టును పరిమితం చేస్తాను.