హౌస్ సర్జన్‌గా చేరబోయే బిడ్డకు జేబులో పట్టే పుస్తకం ఏది కొనాలి?

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక టీచర్):

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా బిడ్డ ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్ పాసయింది. వచ్చే నెల నల్గొండలో హౌస్ సర్జన్‌గా చేరుతుంది. మా చుట్టాల్లో డాక్టర్ చదివిన మొదటి మనిషి తనే. చేరే రోజు తన చేతికి ఒక మంచి పుస్తకం ఇవ్వాలని నా కోరిక. ఆప్రాన్ జేబులో పట్టాలి, రాత్రి డ్యూటీలో పనికి రావాలి. తన సీనియర్లలో ఒకమ్మాయి ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ అన్నది. ఇంకొకరు వాషింగ్టన్ మాన్యువల్ అన్నారు. మూడో అబ్బాయి ఫోనుంటే చాలు, పుస్తకమెందుకు అంకుల్ అన్నాడు. నాకు మెడిసిన్ తెలియదు. రెండు వేల వరకు పెట్టగలను. తనకు చెప్పకుండా కొని ఇద్దామనుకుంటున్నా. కోఠీలో పాత పుస్తకాలు తక్కువకు దొరుకుతాయంటున్నారు, పాత ఎడిషన్ తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (డ్యూటీ డాక్టర్, నాగర్‌కర్నూల్ జిల్లా):

నమస్తే సార్. క్యాజువాలిటీ డ్యూటీల్లో నాకు తొమ్మిదేళ్లు గడిచాయి. మీ ప్రశ్న చదివితే మా నాన్న గుర్తొచ్చారు, అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్నా.

ముందుగా ఒక మాట. ఏ కానుకైనా చెప్పకుండా ఇవ్వండి గానీ ఇది మాత్రం తనను వెంట తీసుకెళ్లి కొనండి. జేబు పుస్తకం కొత్త సంగతులు నేర్చుకోవడానికి కాదు. చదివిందే రాత్రి రెండు గంటలకు, పేషెంట్ అటెండర్లు చుట్టూ నిలబడి అరుస్తుంటే, మళ్లీ గుర్తు తెచ్చుకోవడానికి. ఎవరి కన్ను ఏ పేజీని త్వరగా పట్టుకుంటుందో వాళ్లకే తెలుస్తుంది. నా క్లాస్‌మేట్ ప్రాణంలా చూసుకున్న పుస్తకం నాకు ఒక్క రోజు కూడా పనికి రాలేదు.

షాపులో చేయాల్సిన పని చెబుతా. ఇంటి దగ్గరే అయిదు చీటీలు రాసుకుని వెళ్లండి. ఒకటి, పాము కరిచిన మనిషి. రెండు, పురుగుల మందు తాగిన మనిషి. మూడు, ఫిట్స్ ఆగని 12 కిలోల పిల్లాడు. నాలుగు, షుగర్ 450 ఉండి ఎగశ్వాసతో వచ్చిన పేషెంట్. అయిదు, కుక్క కరిచిన మనిషి. మన నల్గొండ, పాలమూరు క్యాజువాలిటీల్లో ఇవి రాని వారం ఉండదు. ఒక్కో పుస్తకం తనకిచ్చి, ఒక్కో చీటీకి ఒక నిమిషం టైం పెట్టండి. నిమిషంలో మందు పేరు, డోసు, తర్వాత చేయాల్సిన పని దొరకాలి. ఎన్ని చీటీలకు దొరికితే అన్ని మార్కులు.

ఈ పరీక్ష ఎందుకంటే, పేరున్న పుస్తకాలన్నీ వేరే దేశాల ఆసుపత్రుల కోసం రాసినవి. ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఆఫ్ క్లినికల్ మెడిసిన్ చాలా మంచి పుస్తకం. 1985లో మొదలైంది, 2017లో పదో ఎడిషన్ వచ్చింది, ఆ తర్వాత పదకొండోది కూడా వచ్చింది. జబ్బు గురించి ఎలా ఆలోచించాలో, పేషెంట్‌తో ఎలా మెలగాలో దానంత ప్రేమగా చెప్పే చిన్న పుస్తకం నేను చూడలేదు. కానీ నా దగ్గరున్న ఎడిషన్‌లో పాముకాటు అంటే ఇంగ్లండ్‌లో తిరిగే ఆడర్ అనే పాము గురించే. మన దగ్గర కరిచేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాలుగింటికీ ఒకటే విరుగుడు, పాలీవేలెంట్ ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) ఇంజెక్షన్. విషం ఎక్కిన గుర్తులు కనిపిస్తే మన దేశ మార్గదర్శకాల ప్రకారం పది వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలుపెడతాం. పిల్లలకైనా అదే డోసు, ఎందుకంటే పాము పిల్లాడని తక్కువ విషం వదలదు. పొడి గాజు ట్యూబులో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా లేదా చూడటం కూడా మన పద్ధతే. ఇవి మన జాతీయ మార్గదర్శకాల్లో దొరుకుతాయి. ప్రింట్ తీసి పుస్తకంలో అంటించుకోవాలి.

కుక్కకాటూ అంతే. అమెరికా పుస్తకం తెరిస్తే మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు రేబిస్ టీకా నాలుగు డోసులు, 0, 3, 7, 14 రోజుల్లో అని ఉంటుంది. మన దగ్గర కండకిచ్చే పద్ధతిలో 28వ రోజు అయిదో డోసు కూడా ఉంది. చర్మంలోకి ఇచ్చే పద్ధతైతే 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల. ఆ పుస్తకం చూసి 14వ రోజుతో ముగించామనుకోండి, మన షెడ్యూల్ ప్రకారం కోర్సు సగంలో ఆగినట్టే.

ఇక ఇన్సులిన్. ఇది నా కళ్ల ముందు జరిగింది. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒకాయనకు 20 యూనిట్లు ఇమ్మని రాశాను. ఎంత ఇచ్చినా షుగర్ దిగడం లేదు. పుస్తకం తిప్పి తిప్పి చూశాను, దారి దొరకలేదు. చివరికి ఒక సీనియర్ సిస్టర్ కనిపెట్టింది. వయల్ ఏమో మిల్లీలీటరుకు 40 యూనిట్లది, సిరంజి ఏమో 100 యూనిట్లది. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే ఆయనకు పోయింది 8 యూనిట్లే. ఇదే తారుమారైతే, అంటే 100 మందును 40 సిరంజిలో లాగితే, 20 అనుకున్నది 50 అవుతుంది, ప్రాణం మీదికొస్తుంది. అమెరికాలో 40 యూనిట్ల ఇన్సులిన్ వాడరు, కాబట్టి ఈ హెచ్చరిక అక్కడి పుస్తకంలో ఉండదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 40 వయల్స్ చాలా వాడతారు. ఈ ఒక్క సంగతి పుస్తకం మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయించండి సార్.

నా సలహా ఏంటంటే, పెద్దవాళ్ల జబ్బులకు ఆక్స్‌ఫర్డ్ గానీ, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ల పాకెట్ మెడిసిన్ గానీ, రెంటిలో తన చీటీలకు ఎక్కువ జవాబు దొరికినది ఒక్కటే కొనండి. రెండోది రింగులతో ఉండే చిన్న పుస్తకం, పేజీలు విప్పి మధ్యలో మన కాగితాలు పెట్టుకోవచ్చు. కానీ అన్నీ పొడి అక్షరాలే (షార్ట్ ఫామ్‌లే), అలవాటు కావడానికి నెల పడుతుంది. వాషింగ్టన్ మాన్యువల్ వార్డులో రోజుల తరబడి పేషెంట్‌ను చూసే పీజీలకు బంగారం. జేబుకు మాత్రం బరువు.

పిల్లల కోసం డబ్బులు పెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల వైద్యం మీద ఒక పాకెట్ బుక్ తెచ్చింది, రెండో ఎడిషన్ 2013ది. ఉచితంగా దొరుకుతుంది. వసతులు తక్కువున్న ఆసుపత్రుల కోసమే రాశారు కాబట్టి మనకు అతికినట్టు సరిపోతుంది. పిల్లాడి బరువును బట్టి డోసుల పట్టికలున్నాయి. ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించండి. మూడో చీటీకి జవాబు అక్కడుంది.

జవాబు (పీజీ విద్యార్థి, మహబూబ్‌నగర్):

మేడమ్ చెప్పిన అయిదు చీటీల పద్ధతి బాగుంది. పాత ఎడిషన్ గురించి నేను చెబుతాను సార్. ఎలా పరీక్ష చేయాలి, గుండె చప్పుడు ఎలా వినాలి లాంటి పుస్తకాలైతే పదేళ్ల పాతదైనా తీసుకోండి, మనిషి ఒళ్లు మారలేదు కదా. మందుల డోసులున్న పుస్తకం మాత్రం పాతది వద్దు. గుండె పూర్తిగా ఆగి ఈసీజీలో గీత సమంగా వచ్చినప్పుడు అట్రోపిన్ ఇవ్వమని పాత పుస్తకాల్లో ఉండేది. 2010 అమెరికా మార్గదర్శకాల్లో దాన్ని తీసేశారు. అంతకు ముందు అచ్చయిన పుస్తకం పట్టుకుని ఒక జూనియర్ నన్ను అట్రోపిన్ అడిగాడు. తప్పు అతనిది కాదు, ఆ పుస్తకానిది. కోఠీలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు మంచివే దొరుకుతాయి. కొనేముందు లోపలి పేజీలో ఏ సంవత్సరం అచ్చయిందో చూడండి, అట్ట చూసి నమ్మకండి.

ఇంకొకటి, పేర్ల తేడా. అమెరికా పుస్తకంలో పారాసెటమాల్ అని వెతికితే దొరకదు, అసిటమినోఫెన్ అని ఉంటుంది. సాల్బుటమాల్ అక్కడ అల్బ్యుటెరాల్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. మొదటి నెల రోజులు ఇదే పెద్ద టెన్షన్.

జవాబు (ఫార్మసిస్ట్, మిర్యాలగూడ):

పేర్లంటే మన దగ్గర అసలు సమస్య బ్రాండ్లది తమ్మీ. ఊరి నుంచి వచ్చే ముసలమ్మ ప్లాస్టిక్ కవర్లో సగం చింపిన స్ట్రిప్పులు తెస్తుంది. ఏ మందో ఆమెకు తెలియదు, ఆర్‌ఎంపీ చీటీ రాయడు. పుస్తకంలో ఏమో మందు అసలు పేరు మాత్రమే ఉంటుంది. అందుకని సార్, సిమ్స్ (CIMS) లాంటి, ఏ బ్రాండులో ఏ మందుందో చెప్పే సూచీ ఒకటి డ్యూటీ రూమ్‌లో ఉండాలి. అది కొనక్కర్లేదు, చాలా మెడికల్ షాపుల్లో పాత సంచికలుంటాయి, అడిగితే ఇస్తారు. పేరు పోల్చుకోవడానికే వాడాలి, డోసు కోసం కాదు. డోసు మీద నమ్మకం కావాలంటే మన జాతీయ ఫార్ములరీ (మందుల వివరాలు, డోసులుండే ప్రభుత్వ పుస్తకం) చూడాలి. అది జేబు పుస్తకం కాదు, కాలేజీ లైబ్రరీలో చూడమనండి.

జవాబు (నర్సింగ్ ఆఫీసర్, నల్గొండ జిల్లా):

ఫోను గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. ఫోనులో యాప్‌లు మంచివే, డాక్టర్లందరూ చూస్తారు. కానీ కేసు సీరియస్‌గా ఉన్నప్పుడు డాక్టరమ్మ ఫోను తీస్తే అటెండర్లు ఆగమాగం చేస్తారు. మా పెద్దమనిషి పోతుంటే ఫోను చూసుకుంటున్నారని గొడవ. అదే పుస్తకం తెరిస్తే ఎవరూ ఏమీ అనరు. అదీగాక పేషెంట్‌ను ముట్టిన గ్లవ్స్‌తో ఫోను పట్టుకుని, అదే ఫోను చెవికి పెట్టుకోవడం మంచిది కాదు. పుస్తకానికి పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట వేయిస్తే తుడుచుకోవచ్చు.

డ్యూటీ డాక్టర్, నాగర్‌కర్నూల్ జిల్లా:

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. నేను అమ్రాబాద్ వైపు క్యాంపులకు వెళ్లినప్పుడు అడవిలో సిగ్నలే ఉండేది కాదు. యాప్ వాడితే నెట్ లేకుండా పనిచేసేదే వాడమనండి.

రెండో చీటీ గురించి పైన రాయడం మరిచాను. పురుగుల మందు కేసుకు ఏ పుస్తకమైనా అట్రోపిన్ అనే చెబుతుంది. పత్తి మీద కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటివాటికి అది సరైనదే. నోటి నుంచి నురగ, చెమట, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గేదాకా అయిదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ పోతాం. కానీ తాగింది గడ్డి మందు, పారాక్వాట్ అయితే కథ వేరు. దానికి అట్రోపిన్ పనిచేయదు. ఆక్సిజన్ అవసరం లేకుండా పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతేనే పెట్టాలి. మన రైతులు రెంటినీ మందు అనే అంటారు. అందుకే పుస్తకం తెరవకముందే డబ్బా ఎక్కడ అని అడగాలి, ఇంటి నుంచి తెప్పించాలి. పుస్తకంలో ఏ పేజీ తెరవాలో ఆ డబ్బానే చెబుతుంది. ఇలాంటివి రాసుకోవడానికి జేబులో అరచేయంత నోట్‌బుక్ ఒకటి ఉండాలి. నాది ఇప్పటికీ నా దగ్గరుంది.

ప్రశ్న అడిగిన టీచర్:

అందరికీ చేతులెత్తి దండం. మొన్న ఆదివారం బిడ్డను తీసుకుని కోఠీ పోయాను. తను సిగ్గుపడింది గానీ షాపాయన ఓపిగ్గా కూర్చోబెట్టాడు. చీటీలు నేనే తీసి, వాచీ నేనే పట్టుకున్నాను. ఆక్స్‌ఫర్డ్‌లో తనకు చేయి తిరిగింది, పురుగుల మందు, షుగర్ రెండూ నిమిషంలోపే తీసింది. కొత్త ఎడిషన్ నా బడ్జెట్ కొంచెం దాటింది, అయినా తీసుకున్నాం. పిల్లల పుస్తకం దేవరకొండలో జిరాక్స్ చేయించాను. పాముకాటు, కుక్కకాటు కాగితాలు తను వెతుకుతున్నది.

మేడమ్, మీ ఇన్సులిన్ లెక్క కాగితం మీద చేసి చూశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పుస్తకంలో షుగర్ మిల్లీమోల్‌లో ఉంది, మన ల్యాబ్ మిల్లీగ్రాముల్లో ఇస్తుందని బిడ్డ చెప్పింది. 18తో గుణించాలట. లెక్కలు నాకు వచ్చిన పని కాబట్టి తన కోసం ఒక చిన్న కార్డు తయారు చేస్తున్నా. మిగతా పరీక్షలకూ 18తోనే గుణించాలా?

డ్యూటీ డాక్టర్, నాగర్‌కర్నూల్ జిల్లా:

లేదు సార్, అక్కడే చాలామంది పొరపడతారు. 18 షుగర్‌కు మాత్రమే. ఒక్కో పదార్థం అణుభారం వేరు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో అంకె. క్రియాటినిన్ పుస్తకంలో మైక్రోమోల్‌లో ఉంటుంది, 88.4తో భాగిస్తే మన మిల్లీగ్రాములు వస్తాయి. బిలిరుబిన్‌కు 17.1తో భాగించాలి. కాల్షియంను 4తో గుణించాలి. సోడియం, పొటాషియంలకు ఏ లెక్కా అక్కర్లేదు, మిల్లీమోల్ అన్నా మిల్లీ ఈక్వివలెంట్ అన్నా అంకె అదే. గుణించాలా భాగించాలా అన్నది బాణం గుర్తుతో వేయండి, నిద్రమత్తులో తిరగేసే ప్రమాదం ఉంది. పక్కన ఒక ఉదాహరణ కూడా రాయండి, 10 మిల్లీమోల్ అంటే 180 అని.

కార్డు వెనకవైపు ఖాళీగా ఉంచండి. బ్లడ్ బ్యాంక్, ల్యాబ్, ఐసీయూ, డ్యూటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ నంబర్లు చేరిన మొదటి రోజే తను రాసుకుంటుంది. లామినేషన్ ఆ తర్వాత చేయించండి.