హెచ్‌టీఎంఎల్5 బ్యానర్‌కు ఇంప్రెషన్లు వస్తున్నాయి, క్లిక్‌లు మాత్రం సున్నా: తప్పు ఎక్కడుంది?

ప్రశ్న – బెజవాడ వెబ్‌డెస్క్

అందరికీ నమస్కారం. మేము విజయవాడ నుంచి ఒక చిన్న తెలుగు వార్తల వెబ్‌సైటు నడుపుతున్నాము. ప్రకటనలను మా సొంత సర్వరులో పెట్టుకున్న రివైవ్ యాడ్‌సర్వర్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ద్వారా చూపిస్తాము. ఇంతకాలం మాకు వచ్చినవన్నీ జిఫ్ బ్యానర్లే కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. బొమ్మ ఎక్కించి, ప్రకటనదారు చిరునామా ఇస్తే చాలు, ఇంప్రెషన్లు (ప్రకటన కనిపించిన సార్లు), క్లిక్‌లు రెండూ వాటంతట అవే లెక్కకు వచ్చేవి.

గత వారం ఒక నగల దుకాణం వారు 300×250 కొలతలో హెచ్‌టీఎంఎల్5 బ్యానర్ చేయించి జిప్ ఫైలుగా పంపారు. అందులో హారం మెల్లగా తిరుగుతుంది, ధర కనిపిస్తుంది, చివర ‘ఇప్పుడే చూడండి’ అనే బటన్ వచ్చి ఆగుతుంది. దానిని మా సర్వరులో ఒక ఫోల్డరులో విప్పి, హెచ్‌టీఎంఎల్ బ్యానర్‌గా ఐఫ్రేమ్‌లో (పేజీలో మరో పేజీని చూపే చట్రంలో) పెట్టాను. నాలుగు రోజుల్లో ఇంప్రెషన్లు నలభై వేలు దాటాయి గానీ క్లిక్‌ల గడిలో సున్నాయే ఉంది. నేను నొక్కి చూస్తే దుకాణం వారి పేజీ చక్కగా తెరుచుకుంటోంది. క్లిక్‌కు ఇంత అని మా ఒప్పందం కనుక నెలాఖరుకు బిల్లు ఎలా వేయాలో తెలియడం లేదు; మా పాఠకులు తమ ప్రకటనను అసలు పట్టించుకోలేదని వారు అనుకుంటారేమోనన్న బాధ అంతకంటే ఎక్కువగా ఉంది. తప్పు సర్వరులో ఉందా, బ్యానర్‌లో ఉందా?

సమాధానం – సర్వర్ గది

పేజీ తెరుచుకుంటోంది గానీ లెక్క పడడం లేదన్న మీ మాటలోనే కారణం ఉంది. పాఠకుడు నొక్కడాన్ని యాడ్ సర్వర్ నేరుగా చూడలేదు. హైవే మీద టోల్‌గేటు దాటిన బండ్లే లెక్కకు వచ్చినట్లు, తన గుండా వెళ్లిన క్లిక్‌నే అది లెక్కించగలదు. సర్వర్ ఇచ్చే క్లిక్ చిరునామాలో ఏ బ్యానర్, ఏ జోన్ (పేజీలో ప్రకటన చోటు) అన్న వివరాలు ఉంటాయి. పాఠకుడి బ్రౌజర్ ముందు ఆ చిరునామాకు వస్తే సర్వర్ ఒక వరుస నమోదు చేసుకుని, వెంటనే 302 అనే దారి మళ్లింపు జవాబుతో ప్రకటనదారు పేజీకి పంపుతుంది. మీ బ్యానర్ డొంకదారిన పోతోంది. డిజైనర్ దుకాణం చిరునామాను నేరుగా కోడ్‌లోనే రాసి ఉంటారు.

జిఫ్‌కు ఈ సమస్య ఎందుకు రాలేదంటే, అది వట్టి బొమ్మ కాబట్టి దాని చుట్టూ లింకును యాడ్ సర్వరే చుట్టింది. హెచ్‌టీఎంఎల్5 బ్యానర్ అలా కాదు, అది ఐఫ్రేమ్‌లో నడిచే ఒక చిన్న వెబ్ పేజీ. ఆ ఐఫ్రేమ్ లోపల జరిగిన క్లిక్ బయటి పేజీకి చేరదు, కనుక బయట చుట్టిన లింకు అక్కడ పనికిరాదు.

ఫోల్డరులోని ఇండెక్స్ ఫైలునూ, పక్కన ఉన్న జావాస్క్రిప్టు ఫైళ్లనూ తెరిచి దుకాణం వారి డొమైన్ పేరు కోసం వెతకండి. అది ఎక్కడ కనిపిస్తే అక్కడ తీసివేసి, దాని స్థానంలో క్లిక్‌ట్యాగ్ అనే వేరియబుల్ పెట్టాలి. ఐఫ్రేమ్ చిరునామా వెనక పారామీటరుగా వచ్చే విలువను బ్యానర్ చదివి అందులో నింపుకునేలా రెండు మూడు పంక్తులు చేర్చాలి. ఇక రివైవ్ వైపు, ఐఫ్రేమ్ చిరునామా చివర క్లిక్‌ట్యాగ్ పారామీటరుకు క్లిక్‌యూఆర్‌ఎల్ మాక్రోను (సర్వర్ తన క్లిక్ చిరునామాతో నింపే గుర్తును) ఇవ్వండి. ఆ మాక్రోకు ఒకటి కంటే ఎక్కువ రూపాలున్నాయి, ఇక్కడ ఎన్‌కోడ్ అయ్యే రూపమే (ప్రత్యేక గుర్తులను కోడ్‌గా మార్చి పంపేది) వాడాలి. మామూలు రూపం వాడితే చిరునామాలోని మొదటి యాంపర్‌శాండ్ (&) దగ్గరే విలువ తెగిపోతుంది. దాని తరువాత ఉన్న వివరాలన్నీ పోతాయి.

గమ్యం చిరునామాను మాత్రం రివైవ్‌లోని బ్యానర్ సెట్టింగులలోనే ఇవ్వండి. 2021 జనవరిలో వచ్చిన 5.1 నుంచి రివైవ్ గమ్యాన్ని డిజిటల్ సంతకంతో కలిపి పంపుతోంది. అంతకుముందు ఎవరైనా క్లిక్ చిరునామా చివర తమకు నచ్చిన గమ్యాన్ని తగిలించి, మీ డొమైన్ పేరు చూపించి పాఠకులను మోసపు పేజీలకు పంపగలిగేవారు. ఇప్పుడు గమ్యాన్ని చేత్తో మారిస్తే సంతకం సరిపోదు కనుక, పాత పద్ధతిలో మాక్రో వెనక చిరునామా అతికించే అలవాటు ఉంటే మానుకోవాలి.

సమాధానం – పాత ఫ్లాష్ డిజైనర్

పై సమాధానం సరైనదే. ఒక చిన్న విషయం కలుపుతాను, ఎందుకంటే దీనివల్ల నేను పూర్తిగా ఒక రోజు పోగొట్టుకున్నాను. క్లిక్‌ట్యాగ్ అన్నది ఫ్లాష్ కాలం నుంచి వచ్చిన పేరు. అప్పట్లో బటన్ మీద చిరునామా రాయకుండా ఆ పేరు మాత్రమే రాసేవాళ్లము, సర్వర్ బయటి నుంచి చిరునామాను అందించేది. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసినా ఈ పేరు నిలిచిపోయింది, దానితోపాటు స్పెల్లింగు గొడవ కూడా. కొందరు ‘ట్యాగ్’లోని మూడు ఇంగ్లీషు అక్షరాలనూ పెద్ద అక్షరాలుగా రాస్తారు, కొందరు మొదటి అక్షరాన్నే పెద్దదిగా రాస్తారు. జావాస్క్రిప్టుకు అవి రెండు వేర్వేరు పేర్లు. సర్వర్ ఒక విధంగా పంపి, బ్యానర్ మరో విధంగా వెతికితే విలువ ఖాళీగా వస్తుంది, బటన్ నొక్కితే తెల్ల పేజీ తెరుచుకుంటుంది. మీ డిజైనర్‌కు ఏ స్పెల్లింగు వాడాలో మెయిల్‌లో అక్షరం అక్షరం రాసి పంపండి, ఫోన్‌లో చెప్పవద్దు.

సమాధానం – యానిమేషన్ బల్ల

బ్యానర్లు తయారుచేసే వైపు నుంచి చెబుతాను. దయచేసి ఆ బ్యానర్ ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో ముందు అడగండి.

గూగుల్ వెబ్ డిజైనర్‌లో చేసి ఉంటే, ప్రకటన ఏ సర్వరు కోసమని మొదటే ఎంచుకున్నదాన్ని బట్టి గూగుల్ సర్వర్లకే పనికివచ్చే నిష్క్రమణ కోడ్ (నొక్కినవారిని బయటి పేజీకి పంపేది) అందులో చేరి ఉండవచ్చు. అది రివైవ్‌లో మీ క్లిక్ చిరునామాను వాడుకోదు. గూగుల్‌యేతర ప్రకటనగా మళ్లీ ఎగుమతి చేయించడమే మంచిది, ఆ కోడ్‌ను చేత్తో సవరించే ప్రయత్నం ఎంతమాత్రం వద్దు.

అడోబీ యానిమేట్‌లో చేసి ఉంటే టైమ్‌లైన్ తప్పక చూడమనండి. ఒక చీరల ప్రకటనలో నా కళ్లారా చూసిన సంగతి ఇది: నొక్కడానికి పెట్టిన పారదర్శక బటన్ పొర 120వ ఫ్రేము దగ్గర ముగిసింది, యానిమేషన్ మాత్రం 150 వరకు నడిచి అక్కడ ఆగిపోయింది. అంటే మొదటి ఐదు సెకన్లలో నొక్కినవారికే లింకు పనిచేసింది. ఆగిపోయిన చివరి బొమ్మను, ‘కొనండి’ అన్న మాటతో సహా, ఎంత నొక్కినా ఏమీ జరగలేదు. పరీక్షించే వారు సాధారణంగా పేజీ తెరవగానే నొక్కేస్తారు కనుక ఈ లోపం దొరకదు. బ్యానర్ పూర్తిగా ఆగేదాకా ఉండి అప్పుడు నొక్కండి, నాలుగు మూలలూ నొక్కండి.

మరో సంగతి. నొక్కగానే చిన్న మెరుపు చూపించి, ఆ తరువాత కొత్త ట్యాబ్ తెరవడం అందంగా ఉంటుందని కొందరు ఆలస్యం పెడతారు. ఆ ఆలస్యం వల్ల బ్రౌజర్ దానిని పాఠకుడి చర్యగా కాక పాపప్‌గా భావించి అడ్డుకోవచ్చు, ముఖ్యంగా సఫారీలో. ట్యాబ్ తెరిచే ఆదేశం క్లిక్ జరిగిన క్షణంలోనే నడవాలి. ఐఫ్రేమ్‌కు శాండ్‌బాక్స్ అనే ఆంక్షల గుణం పెట్టి ఉంటే పాపప్‌లకు అందులో అనుమతి ఉందో లేదో కూడా చూడండి.

బెజవాడ వెబ్‌డెస్క్

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇండెక్స్ ఫైలు తెరిచి వెతికితే చివరి నుంచి మూడో పంక్తిలో దుకాణం చిరునామా నేరుగా రాసి ఉంది. మీరు చెప్పినట్లు మార్పించి, మాక్రో ఎన్‌కోడ్ రూపాన్ని ఐఫ్రేమ్‌లో పెట్టాను. ఇప్పుడు నొక్కితే ముందు మా యాడ్ సర్వర్ చిరునామా ఒక్క క్షణం మెరిసి, తరువాత దుకాణం పేజీ వస్తోంది. అయినా పదిసార్లు నొక్కితే గణాంకాలలో ఇంకా సున్నాయే కనిపిస్తోంది. పోయిన ఆ నాలుగు రోజుల క్లిక్‌లను తిరిగి తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం – సర్వర్ గది

చిరునామా మెరిసిందంటే దారి సరిపడింది. రివైవ్ క్లిక్‌లను ముందు విడిగా రాసుకుని, మామూలు అమరికలో గంటకొకసారి నడిచే మెయింటెనెన్స్ పనిలో వాటిని గణాంకాలలోకి చేరుస్తుంది, కాబట్టి గంట దాటాక చూడండి. అప్పటికీ పదికి బదులు ఒకటే కనిపిస్తే కంగారు పడవద్దు. ఒకే వ్యక్తి అదే బ్యానర్‌ను నిర్ణీత సెకన్లలోపు మళ్లీ నొక్కితే లెక్కించవద్దనే సెట్టింగు మీ దగ్గర పెట్టి ఉండవచ్చు. క్లిక్‌కు డబ్బు తీసుకునేవారికి ఆ సెట్టింగు ఉండాల్సిందే. క్రోమ్ డెవలపర్ టూల్స్ సెట్టింగులలో కొత్త ట్యాబ్‌లకు కూడా ఆ పలక తానే తెరుచుకునే ఏర్పాటు ఉంది. దాన్ని పెట్టుకుంటే కొత్త ట్యాబ్‌లో జరిగే 302 మళ్లింపును మీ కళ్లతోనే చూడవచ్చు.

ఆ నాలుగు రోజుల క్లిక్‌లు రివైవ్‌లో లేవు, ఎలా వెతికినా దొరకవు. అయితే దుకాణం వారి అనలిటిక్స్‌లో దొరికే అవకాశం ఉంది. బ్యానర్ నేరుగా వారి పేజీకే వెళ్లింది కాబట్టి, పాఠకుడు ఎక్కడి నుంచి వచ్చాడన్న వివరం అక్కడ నమోదై ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు: క్లిక్ పుట్టింది ఐఫ్రేమ్ లోపల కనుక అక్కడ కనిపించేది మీ వార్తల సైటు పేరు కాదు, ఐఫ్రేమ్ ఫైలు ఉన్న డొమైన్ పేరు. మీ యాడ్ సర్వర్ వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే ఆ పేరుతోనే వెతకమని వారికి చెప్పండి. ఆ సందర్శనల సంఖ్య క్లిక్‌ల సంఖ్యకు సమానం కాదు, సాధారణంగా కొంత తక్కువే ఉంటుంది. పేజీ పూర్తిగా రాకముందే మూసేసినవారు, ట్రాకింగును అడ్డుకునే బ్రౌజర్లు వాడేవారు అందులో చేరరు. బిల్లులో ఆ నాలుగు రోజులకు వారి సంఖ్యనే వేసి, ఎందుకలా వేశారో రెండు వాక్యాలలో రాయండి. ఐదో రోజు నుంచి మీ సర్వర్ లెక్కే వేసుకోవచ్చు.

బెజవాడ వెబ్‌డెస్క్

గంట తరువాత చూశాను, ఒక క్లిక్ పడింది. దుకాణం వారికి మా యాడ్ సర్వర్ సబ్‌డొమైన్ పేరు పంపాను. బటన్ పొర చివరి ఫ్రేము వరకు ఉందో లేదో కూడా వారి డిజైనర్‌ను అడిగాను, ఉందట.