అప్‌డేట్: 1972 ఎంజీబీ సస్పెన్షన్ పని ఎంతవరకు వచ్చిందంటే
బర్మింగ్‌హామ్‌లో నేను నడుపుతున్న 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) గతుకుల్లో ఊగిపోతోందని, ఊపును అణిచే పాత లీవర్ (చేయి రకం) షాక్ అబ్జార్బర్లు తీసేసి టెలిస్కోపిక్ (గొట్టం రకం) కిట్ వేయించాలా అని అప్పట్లో అడిగాను. మొదట బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) చూడమన్న మీ సలహాయే సరైనది. ముందు చక్రాల కింది విష్‌బోన్ (చక్రాన్ని పట్టి ఉంచే V ఆకారపు చేయి) బుష్‌ల రబ్బరు వేలితో నొక్కగానే పొడిగా రాలింది. వాటి స్థానంలో ఇదే కారు వీ8 ఇంజిన్ మోడలైన ఎంజీబీ జీటీ వీ8 రకానివి, మధ్యలో ఉక్కు గొట్టం ఉన్నవి వేశాను. బండి పైకెత్తి ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది కనుక, బరువంతా చక్రాల మీద పడ్డాకే బోల్టులు పూర్తిగా బిగించాను. ముందు షాక్ అబ్జార్బర్ చేయే పై విష్‌బోన్‌గా కూడా పనిచేస్తుంది కాబట్టి కిట్ ఆలోచన మానుకొని, నూనె కారని రీకండిషన్డ్ (బాగుచేసిన) లీవర్ జతే బిగించాను. మలుపుల్లో స్టీరింగ్ ఇప్పుడు చెప్పినట్టు వింటోంది. వెనుక కుంగిన కమాను కట్టలను (లీఫ్ స్ప్రింగులను) వచ్చే నెల మార్చాలి.