చదువు, రోడ్లు, ఫోన్లు వచ్చాయి. మరి మన ఓటు మారిందా?

మహేంద్రతనయ:
ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గునుపూర్, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్ళందరినీ ఒకటి అడగాలని ఉంది. రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ అని అమెరికాలో ఒక రాజనీతి శాస్త్రవేత్త ఉండేవారు, 2021లో పోయారు. పడమటి యూరప్ దేశాల సర్వేలు చూసి 1970ల్లో ఆయన ఒక మాట చెప్పారు. కరువులోనో యుద్ధంలోనో పెరిగినవాళ్ళు ధరలు, ఉద్యోగం, శాంతిభద్రతలు ముందు చూస్తారట. తిండికి లోటు లేని రోజుల్లో పెరిగినవాళ్ళు మాట స్వేచ్ఛ, పర్యావరణం, నిర్ణయాల్లో తమ వాటా అడుగుతారట. చిన్నప్పుడు ఏర్పడిన విలువలు త్వరగా పోవు కాబట్టి, తరం మారేకొద్దీ సమాజం మారుతుందని ఆయన వాదన. 1981 నుంచి ప్రపంచ విలువల సర్వేలో దీన్నే కొలుస్తూ వచ్చారు.

మన దగ్గర కూడా ఇదే జరుగుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మా నాన్నగారి కాలంలో ఓటంటే ఊరిపెద్ద చెప్పిన గుర్తే. ఇప్పుడు మా వీధిలో ప్లస్ టూ చదివే పిల్లలు అభ్యర్థి అఫిడవిట్ ఫోన్లో తీసి, కేసులెన్ని, ఆస్తులెంత అని చూస్తున్నారు. మీరేమంటారు?

వంశధార రైతు:
మాస్టారూ, నమస్కారం. అఫిడవిట్ చదివిన ఇంటికి పోలింగ్ ముందురోజు రాత్రి కవరు రాలేదా? వస్తే వెనక్కి పంపారా? మా ఊళ్ళో పంపినవాళ్ళని నేను చూడలేదు. ఇదివరకు మనిషి మాటకి వేసేవారు, ఇప్పుడు నోటుకి వేస్తున్నారు. మారింది అదొక్కటే.

పాత పట్నం రోడ్డు:
కవరు తీసుకుని కూడా వేరేవాళ్ళకి వేసినవాళ్ళు మా వార్డులో బోలెడుమంది.

బరంపురం లాయరు:
మాస్టారి సిద్ధాంతం మన రాయగడ జిల్లాలోనే నిలబడదు. నియమగిరి కొండ చూడండి. అక్కడ వేదాంత కంపెనీ బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లీసభలు, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలు, జరిగాయి, జిల్లా జడ్జి స్థాయి అధికారి దగ్గరుండి చూశారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. అక్కడ నోరు విప్పిన డొంగ్రియా కోందు గిరిజనులు తిండికి లోటు లేకుండా పెరిగినవాళ్ళా? రోడ్డు లేదు, చాలామందికి చదువు లేదు. అయినా కంపెనీ కన్నా కొండే ముఖ్యమన్నారు. దీన్ని ఏ సర్వే గడిలో పెడతారు?

మహేంద్రతనయ:
లాయరుగారూ, ఆ కొండ వాళ్ళకి బతుకుతెరువు. ఊటలు, పోడు, పళ్ళచెట్లు అన్నీ దాని మీదే. బతుకు కోసం నిలబడ్డారంటే సిద్ధాంతానికి అడ్డేముంది? పైగా ఇంగిల్‌హార్ట్ కూడా తర్వాత రోజుల్లో, దేశం ఎంత మారినా మతం, పాత ఆచారం తమ ముద్ర వదలవని ఒప్పుకున్నారు. అందరూ ఒకే అచ్చులోకి వస్తారని ఆయన అనలేదు.

బరంపురం లాయరు:
బతుకుతెరువే అయితే పరిహారం ఎంతని బేరమాడేవారు. వాళ్ళు ఆడలేదు. అది నియమరాజు కొండ, మా దేవుడు అన్నారు. 1951-52 ఎన్నికలు కూడా చూడండి. అప్పటికి దేశంలో నూటికి 18 మందికే చదువొచ్చు. అయినా అందరికీ ఓటిచ్చాం, నడిచింది. ముందు డబ్బు, తర్వాత చదువు, ఆ తర్వాత హక్కుల మీద ఆశ అన్న వరస మన దేశానికి కుదరదు. నియమగిరికి జవాబు చెప్పకుండా ముందుకెళ్ళకండి.

రాయగడ పాఠకురాలు:
కొండ దిగి ఇంట్లోకి రండి సార్. మా అత్త మహిళా రిజర్వేషన్ సీట్లో సర్పంచ్‌గా గెలిచింది. సర్పంచ్ ముద్ర, ఇంకు ప్యాడ్ మావయ్య స్కూటర్ డిక్కీలో ఉండేవి. బ్లాకు ఆఫీసు మీటింగులకి ఆయనే వెళ్ళేవాడు. అత్త చేయాల్సిందల్లా ఆయన వేలు పెట్టి చూపించినచోట ఒడియాలో సంతకం. చాలాకాలం అలాగే సాగింది.

ఒక వేసవిలో కింది వీధి బోరింగు పాడైంది. నాలుగు వీధుల ఆడవాళ్ళు బిందెలతో మా గుమ్మం ముందు కూర్చుని, నిన్నే గెలిపించాం, నువ్వే రా అన్నారు. అత్త డిక్కీ తాళం అడిగి తీసుకుని, ముద్ర పట్టుకుని, వాళ్ళతో నడిచి ఆఫీసుకి వెళ్ళింది. అప్పట్నుంచి ముద్ర ఆమె సంచిలోనే ఉంది. ఆమె చదివింది ఏడో తరగతి, మాకు ఆస్తులేమీ పెరగలేదు. పెరిగింది ఒకటే. అంతకుముందు కొన్నేళ్ళుగా ఆమె పొదుపు సంఘం మీటింగుల్లో లేచి మాట్లాడుతోంది, లెక్కల పుస్తకం రాస్తోంది, బ్యాంకుకి వెళ్ళి మేనేజరుతో వాదిస్తోంది. విలువలు జేబును బట్టి మారతాయా, అలవాటును బట్టి మారతాయా అని ఆలోచించండి.

గుణుపురం కుర్రాడు:
సూపర్ అక్కా. మీ అత్తగారికి నమస్కారాలు.

వంశధార రైతు:
బాగుందమ్మా. కానీ ఇప్పుడు ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 ఆడవాళ్ళ ఖాతాలో పడుతోంది. 2024లో నవీన్ పట్నాయక్ 24 ఏళ్ళ ప్రభుత్వం మారిందంటే అందులో ఈ డబ్బు హామీ కూడా లేదా? దీన్ని కొత్త విలువ అంటారా?

రాయగడ పాఠకురాలు:
డబ్బు నా ఖాతాలో పడితే ఓటు అమ్ముకున్నట్టూ, ఎరువు మీద సబ్సిడీ మీకు అందితే హక్కూనా బాబాయ్?

వంశధార రైతు:
నేను అడిగింది అది కాదు. మీరంతా యూరప్, కొండ, సర్వే అంటున్నారు. నా గోడు వినండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, మేం సరిహద్దు గీతకి ఇవతల పడ్డాం. అప్పట్నుంచి మా ఊరి తెలుగువాళ్ళం ఎన్నికలకి ముందు రామాలయంలో కూర్చునేవాళ్ళం. మా నాన్న అందరినీ కూర్చోబెట్టి, ఏం కావాలో తేల్చి, అభ్యర్థిని పిలిపించి చెప్పేవాడు. తెలుగు టీచరు కావాలంటే టీచరు వచ్చాడు. కల్వర్టు కావాలంటే కల్వర్టు పడింది. ఊరి ఓట్లన్నీ ఒక్కచోట పడతాయని వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి పార్టీ వాళ్ళది. ఓట్లు నాలుగు ముక్కలయ్యాయి. తెలుగు టీచరు రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. మా మనవడికి తెలుగు అక్షరాలు నేనే పలక మీద దిద్దిస్తున్నాను. ప్రాథమిక చదువు మాతృభాషలో అని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో రాసి ఉంది. అడిగేవాడు ఏడీ? మీరు చెప్పే సొంత అభిప్రాయం మాకు చేసిన మేలు ఇదే.

రాయగడ పాఠకురాలు:
ఆ రామాలయంలో ఒక్క ఆడమనిషైనా కూర్చుందా? చెరువు అవతలి వీధివాళ్ళని గుడి మెట్లెక్కనిచ్చారా? వాళ్ళ ఓట్లు కూడా లెక్కలో వేసుకునే కదా మీ నాన్నగారు అభ్యర్థితో మాట్లాడింది?

వంశధార రైతు:
మా నాన్న ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు. చచ్చిపోయిన మనిషి గురించి నోరు జారకండి. ఆయన ఊరి కోసం తిరిగిన ఎండలు మీకు తెలియవు.

నిర్వాహకులు:
ఇద్దరికీ మనవి. పెద్దల ప్రస్తావన వద్దు. విషయం మీదే రాయండి.

రాయగడ పాఠకురాలు:
ఆయన తీసుకున్నారని నేనలేదు. ఆయన మంచివారే కావచ్చు. కానీ అడగకుండా నా ఓటు బేరంలో పెట్టే హక్కు మంచివాడికీ లేదు. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. నా మొదటి ఓటు ఎటు వేయాలో అన్నం తింటుంటే చెప్పారు. మా అమ్మ ఓటు ఎటు పడాలో ఆమె పెళ్ళయిన రోజే ఖాయమైపోయింది. కల్వర్టు వచ్చింది నిజమే. చెరువు అవతలి వీధికి కూడా వచ్చిందా? నేను అడిగేది ఇదే బాబాయ్.

వంశధార రైతు:
ఆ వీధికి రాలేదు, నిజమే. కానీ నా ప్రశ్న కూడా వినమ్మా. ఈ రాష్ట్రంలో తెలుగువాళ్ళం తక్కువమందిమి. ఎవరికి తోచినట్టు వాళ్ళు వేస్తే మన గుమ్మం ఎవరు తొక్కుతారు? ఎక్కువమంది ఉన్నవాళ్ళకి విడివిడిగా వేసినా నష్టం లేదు. మాకు ఉంది. అభిప్రాయాలు మారడం గొప్ప అంటున్న మాస్టారు దీనికి జవాబు చెప్పాలి.

మహేంద్రతనయ:
మంచి ప్రశ్న. ఆ సర్వేల్లో మనిషిని ఒక్కడినే కూర్చోబెట్టి, నీకేది ముఖ్యం అని అడుగుతారు. తక్కువమంది ఉన్న భాషవాళ్ళకి కలిసి అడగడంలోనే బలం ఉందన్న సంగతి అందులో పట్టుబడదు. అయినా పిల్లలు అఫిడవిట్ చదవడం ఆపాలని నేను అనలేను.

బరంపురం లాయరు:
నేను మొదట్నుంచీ నియమగిరి అంటున్నది ఇందుకే. అక్కడ కూడా అందరిదీ ఒకే మాట. కానీ ఊరిపెద్ద వెళ్ళి కంపెనీకి చెప్పి రాలేదు. ఆడా మగా సభలో కూర్చున్నారు, లేచి చెప్పారు, అది రికార్డులో పడింది. రైతుగారు కోరే కట్టు, ఆ అమ్మాయి కోరే గొంతు రెండూ అక్కడ ఉన్నాయి. మన ఊళ్ళలోనూ పల్లీసభ చట్టప్రకారం ఉంది. తెలుగు టీచరు కావాలని అందులో తీర్మానం పెట్టించారా?

వంశధార రైతు:
పల్లీసభకి పదిమంది కూడా రారు. రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుంటారు. రామాలయానికైతే వచ్చేవారు.

రాయగడ పాఠకురాలు:
చెరువు అవతలి వీధి పిల్లలు కూడా ఆ స్కూలుకే కదా వెళ్ళేది? వాళ్ళ ఇళ్ళకి ముందు మీరు వెళ్ళి పిలవండి. వస్తారు. వచ్చాక టీచరు కన్నా తాగునీరు ముందని వాళ్ళంటే, ఆ తీర్మానం మీద కూడా మీరు సంతకం పెట్టాలి.

వంశధార రైతు:
నీళ్ళకి పెడతాను. టీచరు పోస్టు మాత్రం రెండో తీర్మానంగా అదే రోజు రాయాలి. దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయడానికి నేను ఒప్పుకోను.